సౌండ్ బాక్స్, కరెంట్ అకౌంట్, నగదు: ఇళ్ల పనులు చేసేవాళ్లకు ఏది మేలు? (విజయవాడ రివ్యూ)

నమస్కారం అండి. పటమటలో కార్పెంటర్ పని చేస్తాను. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, ఆటోనగర్‌లో చిన్న వెల్డింగ్ షాపులు పెట్టుకున్న తమ్ముళ్లు, ఈ రివ్యూ మనందరి కోసం. కస్టమర్ ఇచ్చిన డబ్బు మన చేతికి వచ్చేసరికి ఎక్కడెక్కడ తరుగుతోందో చూద్దాం.

ముందు సౌండ్ బాక్స్, అదే డబ్బు పడగానే గట్టిగా చెప్పే డబ్బా. స్కాన్ చేసి బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐ డబ్బు మీద 2020 జనవరి నుంచి దుకాణదారుడికి ఛార్జీ సున్నా. అంటే స్కానర్ పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. మనం కట్టేది ఆ డబ్బాకు నెలవారీ అద్దె. వెల్డింగ్ షాపులో, మెకానిక్ షెడ్డులో అది పనికొస్తుంది. చేతులు గ్రీజులో ఉన్నప్పుడు ఫోన్ తీసి చూసుకోనక్కర్లేదు, పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్ల భయం ఉండదు. మనలా ఇళ్లకు తిరిగి పని చేసేవాళ్లకు మాత్రం దండగ. స్కానర్‌ని లామినేషన్ చేయించి టూల్ బ్యాగులో పెట్టుకుంటే చాలు. ఒక జాగ్రత్త: డబ్బా వాపసు ఇచ్చాక యాప్‌లో ఆటోపే (నెలనెలా అద్దె దానంతటదే కోసుకునే ఏర్పాటు) రద్దు అయిందో లేదో మీరే చూసుకోండి.

కార్డు గీకే మిషన్ గురించి రెండు మాటలు. టర్నోవర్ (ఏడాదిలో జరిగిన మొత్తం వ్యాపారం) 20 లక్షల లోపు ఉన్నవాళ్లకు డెబిట్ కార్డు మీద ఛార్జీ 0.40 శాతం దాటకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. క్రెడిట్ కార్డుకు అలాంటి హద్దు లేదు. పెద్ద అడ్వాన్సు క్రెడిట్ కార్డు మీద తీసుకునే ముందు ఎంత కోస్తారో కనుక్కోండి.

ఇక కరెంట్ అకౌంట్, అంటే వ్యాపారం కోసం బ్యాంకులో తెరిచే ఖాతా. నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. ఆషాఢంలో ఎవరూ కొత్త పనులు మొదలుపెట్టరు, మన ఖాతా ఖాళీ అవుతుంది. మినిమమ్ బ్యాలెన్స్ తగ్గిందని ఒక బ్యాంకు నా ఖాతాలో కోత వేసింది. దాని మీద 18 శాతం జీఎస్టీ. నగదు తీసుకెళ్లి జమ చేస్తే ఉచిత పరిమితి దాటాక దానికీ ఛార్జీ. మెసేజ్‌లకు వేరే. విడివిడిగా చూస్తే చిన్న అంకెలే, ఏడాది స్టేట్‌మెంట్ తీసి కూడితే కడుపు మండుతుంది. అలాగని సేవింగ్స్ ఖాతాలో వ్యాపారం నడపడం బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. అందుకే ఖాతా తెరిచే ముందు ఛార్జీల పట్టిక కాగితం మీద అడిగి తీసుకోండి. మినిమమ్ బ్యాలెన్స్ లేని కరెంట్ ఖాతా ఉందా అని రెండు మూడు బ్యాంకుల్లో అడగండి. దానికి ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) అడగొచ్చు. అది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం, ఎవరికీ ఫీజు ఇవ్వొద్దు.

"ఇంత గొడవెందుకన్నా, నగదు తీసుకుంటే ట్యాక్స్ తప్పుతుంది కదా" అని చాలామంది అంటారు. కాదండీ. ఆదాయపు పన్నులో 44ఏడీ అని ఇన్నేళ్లుగా అందరూ పిలిచే పద్ధతి ఉంది. లెక్కల పుస్తకాలు రాయకుండా టర్నోవర్‌లో ఇంత శాతం లాభం అని చూపించే పద్ధతి అది. బ్యాంకులోకి, యూపీఐలో వచ్చిన డబ్బుకు కనీసం 6 శాతం చూపిస్తే చాలు. నగదుకు 8 శాతం. అంటే నగదుకే ఎక్కువ.

ఇంకో ప్రమాదం ఉంది. ఒకే పనికి ఒకే మనిషి దగ్గర 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. ఒక ఫ్లాట్‌కు వార్డ్‌రోబ్‌లు, కిచెన్ కలిపి 3 లక్షలకు ఒప్పుకున్నారనుకోండి. 90 వేల చొప్పున విడతలుగా నగదు తీసుకున్నా అది ఒకే పని కిందే లెక్క. జరిమానా ఎంతో తెలుసా? తీసుకున్న నగదు ఎంతో అంత.

అసలు చిక్కు మెటీరియల్ డబ్బుతో వస్తుంది. కస్టమర్ ప్లైవుడ్‌కు, లామినేట్‌లకు, హింజ్‌లకు, హ్యాండిళ్లకు అన్నిటికీ కలిపి మన ఖాతాకే పంపుతాడు. మనం గంటలోపే షాపుకు కట్టేస్తాం. మనకు మిగిలేది లేబర్. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మొత్తం మనకు వచ్చినట్టే కనిపిస్తుంది. చీటీ పాడిన డబ్బు, బావ ఇచ్చిన చేబదులు కూడా అదే ఖాతాలో పడితే ఏది వ్యాపారం, ఏది కాదు అని ఎవరు చెప్పగలరు? మన రాష్ట్రంలో సర్వీసు చేసేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు 40 లక్షలు. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న దుకాణాలకు కూడా నోటీసులు పంపారు. బెంగళూరులో చాలామంది భయపడి స్కానర్లు తీసేశారు. స్కానర్ తీసేయడం దీనికి మందు కాదు.

మీది లేబర్ కాంట్రాక్టే అయితే కస్టమర్‌ని షాపుకు తీసుకెళ్లండి, బిల్లు ఆయన పేరు మీదే రాయించండి, డబ్బు ఆయన ఫోన్ నుంచి నేరుగా షాపుకు వెళ్లాలి. రాలేని కస్టమర్‌కు షాపు స్కానర్ ఫొటో వాట్సాప్‌లో పంపండి. సామాను మీరే కొని మీ రేటు వేసి ఇస్తే మాత్రం అది మీ టర్నోవరే, దాన్ని దాచొద్దు. ఇంటి డబ్బుకు, చీటీలకు సేవింగ్స్ ఖాతా వేరే ఉంచుకోండి.

లేబర్ మీద బతికేవాళ్లకు ఇంకో మాట. 6 శాతం అనేది కనీసం. 9 లక్షల పని చేసి ఖర్చులు పోను 6 లక్షలు మిగిలితే, 54 వేలే సంపాదించానని రాయడం సబబు కాదు. కొత్త పన్ను విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరానికి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నా కట్టాల్సిన పన్ను సున్నా, రిటర్న్ వేస్తే చాలు. మరి దాచి ఏం లాభం? కానూరులోనో, పోరంకిలోనో చిన్న ఇల్లు కొనుక్కుందామని బ్యాంకుకు వెళితే మేనేజర్ గారు చూసేది ఆ రిటర్న్‌లనే. నెలకు 50 వేలు సంపాదించే మనిషి కాగితం మీద నాలుగున్నర వేలు చూపించి ఉంటే, అప్పు ఎవరిస్తారు? ఈ ఏడాది నిజమైన అంకె రాయమని మీ ఆడిటర్ గారికి మీరే చెప్పండి.