యుద్ధం ఉందన్నారు, సైనికుల్ని ఇవ్వలేదు: హోసే లౌరెల్
నమస్కారం. 1944 సెప్టెంబర్ 21న అమెరికా విమానాలు జపాన్ ఆక్రమణలో ఉన్న మనీలా మీద బాంబులు కురిపించాయి. రెండు రోజులు తిరక్కుండానే ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు హోసే లౌరెల్ ప్రకటన అమల్లోకి వచ్చింది. 23వ తేదీ పొద్దున 10 గంటల నుంచి అమెరికా, బ్రిటన్‌లతో "యుద్ధ స్థితి ఉంది" అని అందులో రాశారు. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. యుద్ధానికి దిగుతున్నాం అనలేదు, ఆ స్థితి ఉందన్నారు. జపాన్‌కు కావాల్సింది ఫిలిప్పినో కుర్రాళ్లు. వాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చే ఉత్తర్వు మాత్రం ఆయన ఇవ్వలేదు.

మాటను ఇలా తూచి వాడటం ఆయన వృత్తిలోనే ఉంది. 1891లో బటాంగస్‌లోని తనావన్‌లో పుట్టారు. కుర్రతనంలో ఒక కత్తిపోటు కేసులో కింది కోర్టు శిక్ష వేస్తే, 1912లో సుప్రీంకోర్టు ఆత్మరక్షణ అని కొట్టేసింది. తర్వాత లా, యేల్‌లో డాక్టరేట్, 1923లో మంత్రి పదవి, సెనేట్. 1936లో అదే సుప్రీంకోర్టులో జడ్జి.

అక్కడ 1940లో రాసిన ఆంగ్ టిబాయ్ తీర్పు ఇవాళ్టికీ ఫిలిప్పీన్స్ లా విద్యార్థులకు కంఠస్థం. అదొక చెప్పుల కంపెనీ. తోలు లేదనే సాకుతో యూనియన్ కార్మికుల్ని పనిలోంచి తీసేశారన్నది గొడవ. కార్మిక కోర్టు సాంకేతిక నిబంధనలన్నీ పాటించక్కర్లేదు గానీ, ఏడు విషయాలు తప్పనిసరి అన్నారు లౌరెల్. అవతలివాళ్ల మాట వినాలి, ఇచ్చిన సాక్ష్యాన్ని పట్టించుకోవాలి, రికార్డులో ఉన్నదాని మీదే తీర్పు చెప్పాలి, కారణం అర్థమయ్యేలా రాయాలి... ఇలాంటివి. నా దృష్టిలో ఆయన అసలు ఆస్తి ఇదే.

1941 డిసెంబర్‌లో జపాన్ దాడి చేయడంతో అప్పటి అధ్యక్షుడు కెజోన్ కొరెహిడార్ దీవికి వెళ్తూ లౌరెల్‌ను మనీలాలోనే ఉండమన్నారు. జపాన్‌కు తలవంచనన్న ప్రధాన న్యాయమూర్తి అబాద్ సాంతోస్‌ను 1942 మేలో కాల్చేశారు. సహకరించిన లౌరెల్ మీదా తూటాలు పేలాయి, 1943 జూన్‌లో గోల్ఫ్ ఆడుతుండగా. బతికి బయటపడి, ఆ అక్టోబర్ 14న జపాన్ అండతో ఏర్పడ్డ గణతంత్రానికి అధ్యక్షుడయ్యారు. నవంబర్‌లో టోక్యో సమావేశానికి వెళ్లారు. మన సుభాష్ చంద్రబోస్ పరిశీలకుడిగా హాజరైన సమావేశం అదే.

లౌరెల్ చట్టానికి పట్టు చిక్కనిది బియ్యం దగ్గర. పంటలో పెద్ద వాటా జపాన్ సైన్యానికి పోయేది. మిగిలింది పట్నం చేర్చడానికి లారీల్లేవు, ఇంధనం లేదు. పైగా జపాన్ అచ్చేసిన నోట్లకు లెక్కే లేదు. జనం వాటిని మిక్కీమౌస్ డబ్బు అన్నారు. ధర కట్టడి చేస్తే సరుకు బ్లాకులోకి జారుకునేది. బియ్యం సేకరణకు ప్రత్యేక సంస్థ పెట్టినా మనీలా ఆకలి తీరలేదు. సైన్యాన్ని ఆపలేని ప్రభుత్వం బియ్యం ధరనెలా ఆపుతుంది?

కుర్రాళ్ల విషయంలో మాత్రం ఆయన కదల్లేదు. జపాన్ వాళ్లు విసిగిపోయి 1944 డిసెంబర్‌లో ఫిలిప్పినోలతో మకపిలి అనే సాయుధ దళాన్ని సొంతంగా నిలబెట్టుకున్నారు. ఆయన నిరాకరణకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించదు.

1945లో ఆయన్ని జపాన్‌కు తరలించారు. ఆగస్టు 17న నారా నగరం నుంచి తన గణతంత్రాన్ని రద్దు చేశారు. తర్వాత టోక్యోలోని సుగామో జైలు, 1946లో స్వదేశం, దేశద్రోహం కింద 132 అభియోగాలు. 1948 జనవరిలో అధ్యక్షుడు రోహాస్ క్షమాభిక్ష ప్రకటించడంతో తీర్పు రాకుండానే కేసు ముగిసింది. 1949లో అధ్యక్ష పదవికి పోటీచేసి కిరినో చేతిలో ఓడారు. 1951 సెనేట్ ఎన్నికల్లో మాత్రం దేశం మొత్తంలో అందరికంటే ఎక్కువ ఓట్లు ఆయనకే పడ్డాయి.