జైలు అధికారుల మీద సొంతంగా వేసిన కేసు కొట్టేశారా? అప్పీల్‌కి ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. అమెరికాలో మీవాళ్లెవరో జైల్లో ఉన్నారు, లాయర్ లేకుండా తనే రాసుకుని జైలు అధికారుల మీద ఫెడరల్ కోర్టులో కేసు వేశారు, జడ్జి కొట్టేశారు అనుకుందాం. ఆర్డర్ రాగానే కోపంగా మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాం కదా. ఆగండి. ముందు తీర్పు నమోదైన తేదీ చూడండి.

రాష్ట్ర జైలు అధికారుల మీద కేసైతే ఆ తేదీ నుంచి 30 రోజులే. కాగితం చేతికందిన రోజు నుంచి కాదండోయ్! ఈలోపు నోటీస్ ఆఫ్ అప్పీల్ వేయాలి, అదీ కేసు కొట్టేసిన డిస్ట్రిక్ట్ కోర్టులోనే. ఒక్క పేజీ చాలు: ఎవరు, ఏ తీర్పు మీద, ఏ కోర్టుకి వెళ్తున్నారో రాస్తే సరిపోతుంది. మీరు టైప్ చేసివ్వొచ్చు, కానీ లాయర్ కాని మీరు ఆయన తరఫున సంతకం పెట్టకూడదు.

గడువు విషయంలో ఎవరి మాటా నమ్మకండి, జడ్జి మాటైనా సరే. బౌల్స్ అనే ఖైదీకి అప్పీల్ గడువు దాటాక జడ్జి మళ్లీ అవకాశమిస్తూ, 14 రోజులివ్వాల్సిన చోట పొరపాటున 17 రోజులిచ్చారు. ఆయన ఆ 17 రోజుల్లోపే వేశాడు. అయినా 2007లో సుప్రీంకోర్టు 5-4తో ఆలస్యమే అంది. నాకైతే ఇప్పటికీ అన్యాయమనే అనిపిస్తుంది, కానీ రూల్ అదే. ఒక్క ఊరట ఏంటంటే, లోపలున్నవాళ్లు గడువులోగా జైలు మెయిల్‌లో కవరు ఇచ్చేస్తే చాలు, కోర్టుకి తర్వాత చేరినా చెల్లుతుంది. కోర్టు కాగితాల కోసం లీగల్ మెయిల్ విడిగా ఉంటే అందులోనే ఇవ్వాలి. ఇచ్చిన తేదీ, స్టాంపులు అంటించిన సంగతి ప్రమాణపూర్వకంగా రాసి జతచేయాలి.

ఇక డబ్బు. ఫీజు 605 డాలర్లు. పేదవాడినని అర్జీ పెట్టుకున్నా ఖైదీకి మాఫీ ఉండదు, జైలు ఖాతా నుంచి వాయిదాల్లో కోస్తారు. పైగా పస లేని అప్పీల్ అని కొట్టేస్తే అదీ ఒక స్ట్రైక్, అంటే ఖైదీ పేరు మీద పడే ఒక మచ్చ. మూడు స్ట్రైకులైతే, ఒంటికి తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ముంచుకొస్తుంటే తప్ప, తర్వాత ఫెడరల్ కోర్టులో ఏ సివిల్ కేసుకైనా, అప్పీల్‌కైనా ఫీజు మొత్తం ముందే కట్టాలి. అందుకే, జైల్లో గ్రీవెన్స్ (కోర్టుకి ముందు జైలు అధికారులకే పెట్టుకునే అర్జీ) పూర్తిచేయలేదని మాత్రమే కొట్టేసి ఉంటే, టైమ్ మిగిలుంటే అది పూర్తిచేసి కొత్తగా వేయడమే మేలంటాను.

అప్పీల్‌కే వెళ్తే, చాలామంది బ్రీఫ్‌లో (అప్పీల్ కోర్టుకి రాసిచ్చే వాదనలో) జైల్లో జరిగిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్తారు. అక్కడ చెప్పాల్సింది జడ్జి ఎక్కడ తప్పారో. కొలరాడోలో ఎరిక్సన్ అనే ఖైదీకి హెపటైటిస్ సి చికిత్స ఆపేశారు. వివరాలు చాలవని కింది కోర్టులు కేసు కొట్టేశాయి. 2007లో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కన పెట్టింది: చికిత్స ఆపారని, ప్రాణాపాయం ఉందని రాశాడుగా, లాయర్ లేనివాడి కాగితాన్ని ఉదారంగా చదవాలి అంది. మీ బ్రీఫ్‌లోనూ అలాగే, జడ్జి లేదన్న విషయం మీరు కింది కోర్టులో వేసిన ఫిర్యాదులో ఏ పేజీలో, ఏ పేరాలో ఉందో వేలుపెట్టి చూపించండి.