ఆ ఈగలు ముందునుంచీ ఉన్నాయి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదవను. పశువుల శిబిరంలో జంతుశాస్త్రం మాస్టారుకు ఏం పని అనుకోకండి. ఈగల గురించి చెప్పాలని నేనే అడిగి మైకు తీసుకున్నాను.

కందుకూరు పక్కన మా ఊళ్లో, మా గొడ్ల చావిట్లో, ఒక ఎండాకాలం ఒంగోలు దూడ కళ్ల చుట్టూ ఈగలు నల్లగా ముసిరాయి. రెప్పేస్తే లేచేవి, తెరిస్తే వాలేవి. నాన్న మందు కొట్టాడు. మొదట్లో రాలిపడ్డాయి. రెండేళ్లు గడిచేసరికి పడి, కాళ్లు కొట్టుకుని, కాసేపటికి లేచి ఎగిరిపోయేవి. నాన్న మోతాదు పెంచాడు. మందు మార్చాడు. మళ్లీ మార్చాడు. సెలవులకు వచ్చి డబ్బాల మీద చిన్న అక్షరాలు చదివాను. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఫ్లూమెత్రిన్. మూడూ పైరెత్రాయిడ్లు అనే ఒకే జాతి పురుగుమందులే, ఒకే ఇంటి పిల్లలు! కొట్టతను ఒక్క మాట చెప్పలేదు. ఆ డబ్బుతో దూడకు తవుడు వచ్చేదే అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈగ మందుకు అలవాటు పడింది అంటాం. పడలేదమ్మా. దాని నరాల్లో సోడియం పోయే సన్నని దారులుంటాయి, వాటికి తలుపులుంటాయి. ఈ మందు తలుపు మూసుకోనివ్వదు, ఈగ వణికి పడిపోతుంది. కొన్ని ఈగలకు ఆ దారి తాలూకు ప్రొటీన్‌లో 1014వ స్థానంలో ల్యూసిన్ అనే పూసకు బదులు ఫినైల్ అలనిన్ అనే పూస ఉంటుంది; ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసల దండ. అంతే తేడా. మందుకు పట్టు దొరకదు. దీన్ని కేడీఆర్ అంటారు, నాక్‌డౌన్ రెసిస్టెన్స్, అంటే మందుకు పడిపోకుండా తట్టుకోవడం. ఈ మార్పు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే ఈగ గట్టిగా తట్టుకుంటుంది. ఒక్కటే వస్తే లోపల దాగి ఉంటుంది. మేనరికాల్లో పెద్దల్లో కనబడని జబ్బు పిల్లల్లో బయటపడటం చూశారు కదా, లెక్క అదే. మందు మిగతావాటిని చంపి వీటికి చోటు చేసిపెట్టింది.

పాతకాలపు పురుగుమందు డీడీటీ పనిచేసేదీ ఈ తలుపు మీదే. అది పురుగుల్ని చంపుతుందని స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పాల్ మ్యూలర్ కనిపెట్టింది 1939లో. 1946కే స్వీడన్‌లో దానికి చావని ఈగలు కనబడ్డాయి. ఆయనకు నోబెల్ వచ్చింది 1948లో!

వెనక నిలబడ్డ అమ్మలూ, ముందుకు రండి, పేడ ఎత్తేది మీరే. ఎండాకాలంలో గుడ్డు ఈగ కావడానికి వారం, పది రోజులు. అయిదో రోజుకే కుప్ప కదిపి ఎండలో పల్చగా పరవండి, పురుగు దశలోనే పోతుంది.

శిబిరం అయ్యేదాకా ఆ వేపచెట్టు కిందే ఉంటాను. మీ చావిట్లో ఉన్న డబ్బాలు తీసుకురండి, చిన్న అక్షరాలు నేను చదివిపెడతాను.