దేవుళ్ళు సమ్మె చేశారు, అందుకే మనం పుట్టాం!

నమస్తే అండి. పోయిన వీడియో కింద కామెంట్లు చూశాను. జలప్రళయం కథని బైబిల్ వాళ్ళు బాబిలోన్ (ఇప్పటి ఇరాక్‌లోని పాత రాజ్యం) దగ్గర ఎత్తారా, బాబిలోన్ వాళ్ళు మన మనువు కథ ఎత్తారా అని రెండు జట్లయి కొట్టుకుంటున్నారు. కొట్టుకోండి, నాకు వ్యూస్ వస్తాయి. కానీ వందల కామెంట్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా అసలు ప్రశ్న అడగలేదండీ. దేవుడు మనిషిని ఎందుకు చేశాడు? ఏం అవసరమొచ్చి చేశాడు?

నేను చెప్తాను. కూలికి!

తిట్టే ముందు ఈ కథ వినండి. అత్రహాసిస్ అని బాబిలోన్ వాళ్ళ అక్కాదియన్ భాషలో ఒక కావ్యం, మూడు మట్టి పలకలు, 1,245 లైన్లు. బాబిలోన్ రాజు హమ్మురాబి వంశంలోనే తర్వాత వచ్చిన అమ్మి-సదుక అనే రాజు కాలంలో, అంటే క్రీ.పూ. 17వ శతాబ్దంలో ఒక లేఖరి రాసిన ప్రతి మనకి దొరికింది. అది ఎలా మొదలవుతుందో తెలుసా? మనుషులు ఇంకా లేరు, దేవుళ్ళే తట్టలు మోస్తున్నారు. నిజంగా తట్టలే! ఇగిగి అని చిన్న దేవుళ్ళు, వాళ్ళ చేత పెద్ద దేవుళ్ళు టైగ్రిస్ తవ్వించారు, యూఫ్రటీస్ తవ్వించారు. రాత్రీ పగలూ అదే పని. చివరికి వాళ్ళకి కడుపు మండింది. పారలు, తట్టలు కుప్పేసి నిప్పంటించి, అర్ధరాత్రి వెళ్ళి పెద్దాయన ఎన్లిల్ ఇంటిని చుట్టుముట్టారు. ఘెరావ్ అన్నమాట. ఈ గొడవ మొదలెట్టింది ఎవరో కనుక్కురమ్మని ఎన్లిల్ మనిషిని, సారీ, దేవుణ్ణి పంపిస్తే వాళ్ళు ఏమన్నారో చూడండి, ఎవరో ఒకరు కాదు, మేమందరమూ అన్నారు. ఏ యూనియన్ ఆఫీసులో నేర్చుకున్నారో గానీ, నాకు ఆ సీన్ భలే ఇష్టం.

ఎన్లిల్‌కి ఏడుపొచ్చేసింది. అప్పుడు ఎంకి అనే తెలివైన దేవుడు ఉపాయం చెప్పాడు, మన బదులు తట్ట మోయడానికి ఒకణ్ణి తయారు చేద్దాం అని. ఒక దేవుణ్ణి చంపి, అతని రక్తమాంసాలు బంకమట్టిలో కలిపి, దాని మీద మిగతా దేవుళ్ళంతా ఉమ్మి, పద్నాలుగు ముద్దలు తుంచారు, ఏడు మగ, ఏడు ఆడ. అయిపోయింది, అదే మనం. సృష్టి అంటే లేబర్ రిక్రూట్‌మెంట్!

ఇది ఇరాక్ నేలలోనే ఎందుకు పుట్టిందంటే, గోదావరి డెల్టాలో కాలువ పూడిక తీయడం చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఆ నదులు తెచ్చే ఒండ్రు కాలువల్లో పేరుకుపోతూనే ఉంటుంది, ఎప్పటికప్పుడు తవ్వకపోతే పొలానికి నీళ్ళెక్కవు. తవ్వాల్సింది జనం, తవ్వించేది గుడీ, రాజూ. ఒళ్ళు హూనమై ఎందుకు తవ్వాలి సామీ అని అడిగినవాడికి జవాబు రెడీ, నిన్ను పుట్టించిందే దానికి. ఇదే నా థియరీ. సృష్టి కథలో తట్ట ఎవరి నెత్తిన ఉందో చూడండి, ఆ కథ ఎవరికి పనికొచ్చిందో తెలిసిపోతుంది.

బైబిల్ తీయండి. ఆదికాండం రెండో అధ్యాయం, మొక్కలు ఎందుకు మొలవలేదంటే వాన లేదు, ఇంకా, "నేలను సేద్యపరచుటకు నరుడు లేడు". చూశారా? ముందు ఖాళీ పోస్టు, తర్వాత మనిషి!

ఇప్పుడు కొందరు నాసదీయ సూక్తం పట్టుకొస్తారు, నాకు తెలుసు. రుగ్వేదం పదో మండలం, 129వ సూక్తం. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పైనుంచి చూసేవాడికే తెలుసు, లేదా ఆయనకీ తెలియదేమో అని వదిలేస్తుంది. అద్భుతం, ఒళ్ళు గగుర్పొడుస్తుంది, అందులో కూలి పని లేదు, ఒప్పుకుంటాను. కానీ అదే మండలంలో 90వ సూక్తం కూడా ఉంది కదండీ, పురుష సూక్తం, ఆదిపురుషుడి ఒంట్లోంచి నాలుగు వర్ణాలు వచ్చాయని చెప్పేది. నోరు ఎవరు, చేతులు ఎవరు, పాదాల నుంచి పుట్టింది ఎవరు? ఒకటి చూపించి ఇంకోటి దాచేస్తే ఎలా?

ఈజిప్టు ఒక్కటే నన్ను ఇబ్బంది పెడుతుంది. అక్కడ మనుషులు దేవుడి కన్నీళ్ళలోంచి పుట్టారు, వాళ్ళ భాషలో మనిషికీ కన్నీటికీ మాటలు దగ్గర దగ్గరగా ఉంటాయి. సరే, పిరమిడ్ రాళ్ళు లాగినవాళ్ళకి ఆ కన్నీళ్ళు సరిపోయాయనుకుందాం!

ఇక గ్వాటెమాలాలో మాయా అనే జాతి వాళ్ళ పురాణం, పొపోల్ వూహ్ అయితే ఇంకా మజా. దేవుళ్ళు చెక్కతో మనుషుల్ని చేస్తే వాళ్ళు పుట్టించినవాళ్ళని మర్చిపోయారు. అప్పుడు ఏమైంది, వాళ్ళ ఇంట్లో కుండలు, నూరే రాళ్ళు తిరగబడ్డాయి! రోజూ మా మొహాలు అరగదీశారుగా, ఇప్పుడు మిమ్మల్ని పిండి చేస్తాం అని మీద పడ్డాయి. అక్కడ కూడా తిరగబడింది ఎవరు? చాకిరీ చేసినవాళ్ళే.

మళ్ళీ ఎన్లిల్ దగ్గరికి వద్దాం. కూలీలు ఎక్కువైపోయి, వాళ్ళ గోలకి నిద్ర పట్టక, ఆయన వరద పంపాడు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు. అందరూ పోయారు, పడవలో ఉన్న అత్రహాసిస్ (కావ్యానికి పేరు ఇతనిదే), వాడి వాళ్ళు తప్ప. అప్పుడు దేవుళ్ళకి గుర్తొచ్చింది, తమకి తిండి పెట్టేవాడు ఎవడూ లేడని. ఆకలితో దేవుళ్ళ పెదాలు ఎండిపోయాయి. అత్రహాసిస్ పడవ దిగి నైవేద్యం పెట్టగానే, ఆ వాసనకి దేవుళ్ళంతా ఈగల్లా మూగారు. ఈగల్లా అన్నది నా మాట కాదండోయ్, పలక మీద రాసి ఉన్నదే!