నటన దగ్గరే తడబడిన బ్రాండో ఆత్మకథ

నమస్కారం. ఈ రోజు నేను రివ్యూ చేస్తున్న పుస్తకం హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో ఆత్మకథ ‘సాంగ్స్ మై మదర్ టాట్ మీ’. రాబర్ట్ లిండ్సేతో కలిసి ఆయన రాసిన ఈ పుస్తకాన్ని 1994లో ర్యాండమ్ హౌస్ ప్రచురించింది. సినిమా నటనను బ్రాండోకు ముందు, బ్రాండోకు తరువాత అని విడదీసి చెప్పుకోవడం విమర్శకులకు అలవాటు. అంతటి నటుడు డెబ్బై ఏళ్ల వయసులో తన కథ తానే చెప్పుకుంటున్నాడంటే, ఆ పాత్రలను ఎలా పోషించాడో ఇందులో తెలుస్తుందని ఎవరైనా ఆశిస్తారు. నా నిరాశ అంతా ఆ ఒక్క విషయంలోనే.

భార్యల గురించి, పిల్లల గురించి ఆయన నోరు మెదపలేదన్నది ఈ పుస్తకంపై చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. ఆ విషయాలు మాట్లాడనన్న షరతు మీదనే బ్రాండో ఒప్పుకున్నాడని లిండ్సే ముందుమాటలోనే చెప్పేశాడు. 1990లో బ్రాండో ఇంట్లోనే జరిగిన కాల్పుల్లో ఒక యువకుడు చనిపోవడం, ఆ కేసులో ఆయన కుమారుడు జైలుకు వెళ్లడం అప్పటికి ఇంకా పచ్చిగా ఉన్న గాయాలు. వాటిని పుస్తకంగా అమ్ముకోనన్న తండ్రిని నేను తప్పుపట్టను.

పుస్తకంలో అన్నిటికన్నా బలమైన భాగం బాల్యం. అమెరికాలోని ఒమాహా నగరంలో నాటకాలు వేసి, తరువాత సినీతార అయిన హెన్రీ ఫోండాను యువకుడిగా ఉన్నప్పుడు రంగస్థలం వైపు ప్రోత్సహించిన తల్లి డొరొతీ క్రమంగా తాగుడుకు బానిస కావడాన్ని, కొడుకును ఏనాడూ మెచ్చుకోని తండ్రి కాఠిన్యాన్ని బ్రాండో ఎక్కడా జాలి కోరకుండా రాశాడు. తల్లి దృష్టిలో పడాలని తహతహలాడి విఫలమైన పిల్లవాడి అవమానం ఆ పేజీలలో సూటిగా తగులుతుంది. ఇంత నిజాయితీగా మొదలైన పుస్తకం మీద ఆశలు పెంచుకోవడం పాఠకుడి తప్పు కాదు.

న్యూయార్క్ చేరిన తరువాత కథనం పలచబడుతుంది. గురువు స్టెల్లా ఆడ్లర్ పట్ల ఆయనకున్న గౌరవం నిజమైనదే. తనకు నటన నేర్పిన ఘనత మరో నటనా శిక్షకుడు లీ స్ట్రాస్‌బర్గ్‌కు దక్కడాన్ని ఆయన ఘాటుగా ఖండిస్తాడు కూడా. అయితే ఆ చదువు ఒక పాత్రగా ఎలా మారింది? 1947లో బ్రాడ్వే వేదిక మీద, 1951లో తెర మీద తాను పోషించిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’లోని స్టాన్లీ కోవాల్స్కీ తన స్వభావానికి పూర్తిగా విరుద్ధమైన మనిషి అని అంటాడు. అంత విరుద్ధమైన మనిషిని రాత్రి తరువాత రాత్రి వేదిక మీద ఎలా బతికించాడన్న ప్రశ్నకు మాత్రం దొరికే జవాబు చాలా చిన్నది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ‘ఆన్ ద వాటర్‌ఫ్రంట్’ ప్రస్తావన. 1954లో వచ్చిన ఆ సినిమాకే ఆయనకు మొదటి ఆస్కార్ దక్కింది. సినిమా పూర్తయ్యాక చూసుకుని, తన నటనకు తానే కుంగిపోయి, మధ్యలోనే లేచి వెళ్లిపోయానని బ్రాండో రాస్తాడు. ఎంత విలువైన మాట! తన పనిలో ఆయనకు కనబడిన లోపమేమిటి, ఏ సన్నివేశంలో, దర్శకుడు ఎలియా కజాన్‌తో ఆ విషయం చర్చించాడా అని అడగాలనిపిస్తుంది. కథనం మాత్రం ముందుకు సాగిపోతుంది. దానికి బదులుగా, మనుషులందరూ బతకడం కోసం రోజూ నటిస్తూనే ఉంటారని, నటన ఏమంత గొప్ప విషయం కాదని పదేపదే చెబుతాడు. అది వినయమో, తన వృత్తి పట్ల ఏవగింపో, లోతైన ప్రశ్నలను తప్పించుకునే మార్గమో తేల్చుకోలేకపోయాను. మూడూ కొంత కొంత ఉన్నాయనుకుంటాను.

ఒక మినహాయింపు ఉంది. సంభాషణలు కంఠస్థం చేయడం మానేసిన తీరును ఆయన సమర్థించుకున్న భాగం చదివి తీరాలి. నిజజీవితంలో మనం ఏం మాట్లాడబోతున్నామో మనకే ముందుగా తెలియదు. ఆ వెతుకులాట ముఖంలో కనిపిస్తుంది. మాటలు ముందే నోటికి వచ్చేస్తే అది పోతుంది. ఇది ఆయన వాదన సారాంశం. దానిని బద్ధకానికి ముసుగు అనేవారు అనవచ్చు. నాకు మాత్రం ఒక నటుడు తన పనిముట్లను విప్పి చూపించిన అరుదైన సందర్భంగా తోచింది. ఇలాంటివి మరికొన్ని ఉంటే ఈ రివ్యూ వేరుగా ఉండేది.

పౌరహక్కుల ఉద్యమం మీద, 1973లో ‘గాడ్‌ఫాదర్’ ఆస్కార్‌ను తిరస్కరించేలా చేసిన అమెరికా ఆదివాసుల పోరాటం మీద ఆయన చాలా రాశాడు. ఆ నిబద్ధతను శంకించలేం. ఆ ఆవేశంలో సగమైనా తన కళకు కేటాయించి ఉంటే బాగుండేదన్న ఆలోచన నన్ను వదల్లేదు.

చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదనుకోవడానికి కూడా వీల్లేదు. బ్రాండో ఒంటరిగా కూర్చుని రికార్డు చేసుకున్న టేపుల ఆధారంగా 2015లో ‘లిజన్ టు మీ మార్లన్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. నటన గురించి పుస్తకంలో నాకు దొరకని మాటలు అందులో ఆయన గొంతులోనే వినిపిస్తాయి. బాల్యం అధ్యాయాల కోసం, సంభాషణల మీది ఆ కొద్ది పేజీల కోసం పుస్తకం చదవండి. నటుడి కోసం వెతికేవారు ముందుగా ఆ డాక్యుమెంటరీ చూడండి.