16 ముక్కలు తక్కువైతే జోస్యం చెల్లదా? చర్చ పూర్తి పాఠం

(ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడ్డచోట వినబడినంతే ఎక్కించాం. రీడర్ అంటే టారో ముక్కలు చూసి జోస్యం చెప్పే ఆవిడ. కలెక్టర్ అంటే పాత పేకలు పోగేసే ఆయన. స్టూడియోలో అందరూ అలాగే పిలిచారు, జిల్లా కలెక్టర్ అనుకునేరు.)

వ్యాఖ్యాత: నమస్కారం. టారో అంటే జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల పేక, కట్టంటే 78 ముక్కలు. ఇటలీలోని బొలోన్యా పేకలో 62 మాత్రమే. ఒకావిడ దాంతో జోస్యం చెప్పి ఫీజు తీసుకుంటే, చెప్పించుకున్నాయన 'మిగతా 16 ముక్కల డబ్బు వెనక్కివ్వండి' అని కూర్చున్నాడట. మేడమ్, మన చిలక జోస్యంలో ముక్కలెన్నో ఎవరూ లెక్కపెట్టరు కదా, ఇక్కడెందుకీ పంచాయితీ?

రీడర్: చిలకతో పోలిక వద్దండీ. 78లో ప్రతి ముక్కకీ ఒక పని ఉంది. బొలోన్యా పేకలో నాలుగు రంగుల్లోనూ రెండు, మూడు, నాలుగు, ఐదు ఉండవు. మూడు కత్తుల ముక్కే లేకపోతే మనసు విరిగిన సంగతి నేనెలా–

కలెక్టర్: ఎవరు తీసేశారు? ఆట ఆడేవాళ్లు తీసేశారు! టారో పుట్టిందే ఆట కోసం మేడమ్, 15వ శతాబ్దంలో, ఇటలీలో. తురుఫు ముక్కలున్న మామూలు పేకాట. 1781లో పారిస్‌లో కూర్ ద జెబ్లాన్ అనే ఆయన ఇది ఈజిప్టు వాళ్ల రహస్య గ్రంథమని రాసేశాడు, ఈ పిచ్చంతా అప్పట్నుంచి ముదిరింది. కానీ బొలోన్యాలో అంతకు ముందే, 1750 ప్రాంతం నాటి చేతిరాత కాగితం ఒకటుంది, పేకల చరిత్ర పరిశోధకుడు ఫ్రాంకో ప్రాతేసి బయటపెట్టాడు, అందులో జోస్యానికి అర్థాలు రాసింది 35 ముక్కలకే. 62 కూడా కాదు, 35!

వ్యాఖ్యాత: అంటే ఇంచుమించు చిలక పెట్టెలో పట్టేటన్ని...

జ్యోతిష్కుడు: నాకొక్క నిమిషం ఇస్తే, రాహుకేతువుల్ని పక్కనబెట్టి ఏడు గ్రహాలతోనే జాతకం చెబుతానంటే మీరు–

కలెక్టర్: గ్రహాల్ని పేకాటకి కనిపెట్టలేదు కదా పంతులు గారూ! నేను చెప్పేది వినండి. ఆ కాగితంలో చంద్రుడంటే రాత్రి. సూర్యుడంటే పగలు. మృత్యువంటే మరణం, అంతే. మీరేమో ఆ ముక్క పడితే 'భయపడకండి, ఇది మార్పు' అంటారు.

రీడర్: ఎదురుగా కూర్చున్న మనిషి హడలిపోతాడు సార్, మరేమనాలి? ఇందాక నన్ను పూర్తి చేయనివ్వలేదు. గుండెలో మూడు కత్తులు దిగిన బొమ్మ 1909లో వచ్చిన రైడర్-వెయిట్ టారో పేకలో ఉందనే అందరికీ తెలుసు, కానీ 15వ శతాబ్దపు సోలా బుస్కా పేకలోనే ఆ బొమ్మ ఉంది, ఆ పేక 78 ముక్కలది. పాతదే ప్రమాణమంటే నాదీ పాతదే.

(ఈ పాయింటుకి కలెక్టర్ గారు జవాబు చెప్పలేదు. రికార్డింగ్ రెండుసార్లు విన్నాం.)

కలెక్టర్: సరే, సరే, 1725 కథ తెలుసా మీకు? బొలోన్యా అప్పుడు రోమ్‌లోని పోపు ఏలుబడిలో ఉంది. మోంతియేరి అనే మతగురువు భూగోళం పాఠాలతో టారో ముక్కలు అచ్చేయించి, వాటి మీద బొలోన్యాది మిశ్రమ ప్రభుత్వం, అంటే పోపు ఒక్కడిదే కాదు అని వేశాడు. పోపు ప్రతినిధికి మండింది, ఆయన్ని లోపలేశారు. తర్వాత వదిలేశారనుకోండి. కానీ ఆ గొడవతో పోపులూ చక్రవర్తులూ ఉన్న నాలుగు ముక్కలు పోయి నలుగురు మూర్లు, అంటే ఉత్తర ఆఫ్రికా వాళ్ల బొమ్మలు వచ్చాయి. నలుగురిదీ ఒకే హోదా, ఒకే దఫాలో ఇద్దరు పడితే వెనక పడ్డవాడే గెలుస్తాడు.

రీడర్: చూశారా, హై ప్రీస్టెస్, అదే ఆడ పోపు ముక్క కూడా లేదు! నలుగురూ ఒకటే అయితే నేను నాలుగు అర్థాలు ఎక్కణ్ణుంచి–

కలెక్టర్: ఒక్క అర్థమే చెప్పండి!

వ్యాఖ్యాత: మన నిర్మల్‌లో కూడా గంజిఫా ముక్కలు, అదే చేత్తో బొమ్మలేసిన పాతకాలపు పేకలు చేసేవారు కదండీ?

కలెక్టర్: చేసేవారు. గుండ్రటి ముక్కలు. మొగల్ గంజిఫా 96, దశావతార గంజిఫా 120.

వ్యాఖ్యాత: అన్నిట్లోంచి ఒకటి లాగాలంటే చిలకకి ముక్కు నొప్పే.

[నవ్వులు. కాసేపు గంజిఫా మీద, తర్వాత రమ్మీ మీద మాటలు]

జ్యోతిష్కుడు: నా నిమిషం...

కలెక్టర్: ఆస్ట్రియాలో 54 ముక్కల టారో ఆట, టారోక్ అంటారు, ఇప్పటికీ ఆడతారు. తురుఫుల మీద మృత్యువు లేదు, చంద్రుడు లేదు, పల్లె జనం బొమ్మలూ రోమన్ అంకెలూ ఉంటాయి.

రీడర్: నేనన్నదీ అదే కదా! బొమ్మే లేకపోతే ఏం చూసి చెప్పాలి?

కలెక్టర్: అంకె చూసి చెప్పండి.

రీడర్: అంకెలు చూసి చెప్పేదానికి టారో ఎందుకు, బస్ టికెట్ చాలు.

కలెక్టర్: [గొంతు పెంచి] 35 మేడమ్! ముప్పై ఐదు ముక్కలతోనే చెప్పారు! నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా!

వ్యాఖ్యాత: ఇద్దరి వాదనా సమానంగా విన్నాం. కలెక్టర్ గారి మాటలో బలముందని నాకూ అనిపిస్తోంది, ఎందుకంటే చిలక విషయంలో కూడా–

రీడర్: సమానంగానా? ఆ ఫీజు వెనక్కివ్వాలా వద్దా, అదైనా తేల్చండి.

కలెక్టర్: ముక్కకింత అని రేటు పెట్టమనండి.

రీడర్: మీరు అదే రేటు మీద చెప్పించుకుంటారా?

జ్యోతిష్కుడు: అయ్యా, నేను వచ్చిందెందుకంటే–

వ్యాఖ్యాత: పంతులు గారూ, బ్రేక్ తర్వాత మొదట మీరే.

కలెక్టర్: ఈలోగా ఒక్క మాట, సిసిలీ పేకలో–

[ప్రకటనలు. బ్రేక్ తర్వాత వాతావరణ వార్తలు వచ్చాయి.]