మందు వాసన పోయింది కదా, కుక్కని వదిలేయొచ్చా?

తోటలో పురుగుమందు కొట్టాక ఒకసారి గాలి పీల్చి చూసి, "వాసన పోయింది, ఇంకేం కాదు" అని కుక్క గొలుసు విప్పేస్తారు చాలామంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాసన పోయినంత మాత్రాన మందు పోదండీ.

దీన్ని పెయింట్ అనుకోండి. కొత్తగా పెయింట్ వేసిన గేటు మీద చెయ్యి వేస్తే ఏమవుతుంది? అంటుకుంటుంది. గడ్డి మీద పడ్డ స్ప్రే కూడా తడిగా ఉన్నంతసేపూ అంతే. ఆ పెయింట్ మీద మీ కుక్క నడిచింది. అరికాళ్ల మెత్తలకీ, పొట్ట కింద బొచ్చుకీ అంటింది. మనకైతే చెప్పులుంటాయి, లోపలికొచ్చి కాళ్లు కడుక్కుంటాం. అది మాత్రం ఓ మూల పడుకుని, ముందుకాలు నోటి దగ్గరికి తెచ్చుకుని, వేళ్ల సందులు ఒక్కొక్కటే నాకుతుంది. "మా కుక్క మందు జోలికి పోదు" అంటారు. పోనక్కర్లేదు, కాళ్లు నాక్కుంటే చాలు.

అందుకే ఆరాలి. పెయింట్ పైన ఆరినట్టుంటుంది, చిక్కగా పడ్డచోట నొక్కితే వేలికి అంటుతుంది. గడ్డీ అంతే: కొసలు ఆరినా మొదళ్లలో తడి ఉంటుంది. గ్లౌజు వేసుకుని ఓ కాగితంతో మొదళ్ల దగ్గర అద్ది చూడండి. ఆరిపోయినా సరే, లేబుల్ మీద ఎంతసేపు ఆగమని ఉంటే అంతసేపూ ఆగాల్సిందే.

గుళికల మందైతే ఇంకా నీళ్లు కలపని పొడి రంగు లాంటిది. లేబుల్ చెప్పినట్టు నీళ్లు పెట్టి మట్టిలోకి దింపాలి, గడ్డి మళ్లీ ఆరాలి, ఆ తర్వాతే కుక్క. నాకు అన్నిటికన్నా భయం వేసేది గులాబీ మొదట్లో గుళికలతో పాటు ఎముకల పొడి కలిపి వేయడం. ఆ వాసనకి కుక్క తవ్వుతుంది, మట్టితో సహా తినేస్తుంది. దయచేసి ఆ రెండూ కలపకండి. నత్తల కోసం పెట్టే మెటాల్డిహైడ్ గుళికలు కూడా కుక్కలు ఇష్టంగా తింటాయి. కుక్క ఉన్న ఇంట్లో అవి అసలొద్దు, నత్తల్ని చేత్తో ఏరేయండి.

ఇక మందు కుక్క ఒంట్లోకి పోతే ఎలా తెలుస్తుందో, ఏం చేయాలో గబగబా చెప్పేస్తా. చొంగ కారడం, వాంతులు, విరేచనాలు, కంటిపాపలు బాగా చిన్నవవడం, ఒళ్లు అదరడం, ఫిట్స్: వీటిలో ఏది కనిపించినా వెంటనే వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికి పరుగెత్తండి. మలాథియాన్, కార్బరిల్ లాంటి పురుగుమందులు నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి, అందుకే కండరాలు అలా అదురుతూనే ఉంటాయి. మీ అంతట మీరు వాంతి చేయించకండి. కొన్ని మందుల్లో పెట్రోలియం ద్రావకాలుంటాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఒంటికి అంటితే, కుక్క స్పృహలో ఉంటే, గ్లౌజులు వేసుకుని గిన్నెలు కడిగే లిక్విడ్‌తో కడగండి, నాక్కోనివ్వకండి. మందు లేబుల్‌ని ఇవాళే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మలాథియాన్‌కి వెట్ అట్రోపిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, పైరెత్రాయిడ్ అనే మరో రకం పురుగుమందైతే ట్రీట్‌మెంట్ వేరు. ఏ మందో తెలియకపోతే ఆ కాస్త టైమూ వృథా అవుతుంది.